బ్లీచ్ జుట్టు పెరిగి పోయేదాకా ఆగాలా, రంగు వేసేయాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది విజయనగరం. నా వయసు 24, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నిరుడు ఫ్రెండ్స్‌తో విశాఖ వెళ్లినప్పుడు ఒక సెలూన్‌లో తల మొత్తం బ్లీచ్ చేయించుకుని, పైన బూడిద రంగు వేయించుకున్నాను. రెండు నెలలకే బూడిద రంగు దిగిపోయి లోపలి పసుపు బయటపడింది. ఇక మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు పైన 5 అంగుళాల దాకా నా సొంత నల్లజుట్టు వచ్చింది. కింద 14 అంగుళాలు ఎండుగడ్డి రంగు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లి. అమ్మేమో "ఏటే ఈ జుత్తు, కొబ్బరి పీచులాగ, నల్ల రంగు పెట్టేయ్" అంటోంది. నానమ్మ గోరింటాకు పెట్టమంటోంది. ఇక్కడి పార్లర్‌లో అడిగితే పైన వచ్చిన నల్లజుట్టు కూడా బ్లీచ్ చేసేస్తే అంతా ఒకటే రంగు అయిపోతుందన్నారు. ఫ్రెండ్ యాష్ బ్రౌన్ డబ్బా కొనుక్కుని ఇంట్లోనే వేసుకోమంటోంది. నాకేమో ఏదీ పెట్టకుండా పెంచుకోవాలనే ఉంది, కానీ అద్దంలో చూసుకుంటే ఏడుపొస్తోంది. రంగు వేయాలా, వద్దా?
— విజయనగరం నుంచి ఒక చెల్లి

జవాబు: చెల్లీ, రంగు వేయించుకోవచ్చు, కానీ కింది 14 అంగుళాలకే. పైన వచ్చిన ఆ 5 అంగుళాల నల్లజుట్టుకి ఏ రంగూ, ఏ బ్లీచూ తగలనివ్వకు. జుట్టు నెలకి సుమారు అర అంగుళం పెరుగుతుంది, అంటే అది నీ 10 నెలల ఓపిక. దాన్ని పోగొట్టుకుంటే మళ్లీ మొదటికొస్తావు.

అందుకే నలుగురు చెప్పినవాటిలో పార్లర్ వాళ్ల సలహా నాకు అస్సలు నచ్చలేదు. బ్లీచ్ పొడిలో ఉండే పెర్సల్ఫేట్లు, దాంతో కలిపే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి వెంట్రుక లోపలికి వెళ్లి నలుపునిచ్చే మెలనిన్‌ని విరగ్గొడతాయి. మన నల్లజుట్టు ఒక్కసారిగా తెల్లబడదు. ముందు ఎర్రగా, తర్వాత నారింజ రంగులోకి, ఆ తర్వాత పసుపులోకి వస్తుంది, అక్కడిదాకా లాగాలంటే చాలాసేపు ఉంచాలి, ఒక్కోసారి రెండోసారి కూడా వేయాలి. మెలనిన్ ఒక్కటే పోతే బాధ లేదు, వెంట్రుకకి బలాన్నిచ్చే ప్రొటీన్ బంధాలు కూడా తెగిపోతాయి, పైన చేప పొలుసుల్లా అతుక్కుని ఉండే పొర లేచిపోతుంది. మీ అమ్మ పీచు అంటున్నది అదే. ఇప్పుడు పైన బ్లీచ్ పెట్టేటప్పుడు మందు కాస్త కిందికి జారి పాత బ్లీచ్ జుట్టు మీద పడిందంటే సరిగ్గా ఆ గీత దగ్గరే వెంట్రుకలు తెగుతాయి. నేను శ్రీకాకుళంలో పార్లర్ నడిపిన రోజుల్లో ఇలా తెగిన జుట్టుతో వచ్చి కూర్చున్న ఆడపిల్లల్ని చూశాను. కత్తిరించడం తప్ప చేయగలిగిందేమీ ఉండేది కాదు, వాళ్ల కళ్లలోకి చూడాలంటే కష్టంగా ఉండేది.

అమ్మ చెప్పిన నల్ల రంగు సంగతి. అమ్మ బాధ నాకు అర్థమవుతుంది, పెళ్లిలో నలుగురూ ఏమంటారోనని ఆవిడ టెన్షన్. కానీ డబ్బాలో వచ్చే పక్కా నలుపు బ్లీచ్ జుట్టు మీద వేస్తే మొదటి వారం సిరా పోసినట్టు నల్లగా ఉంటుంది, నీ సొంత నలుపుతో కూడా కలవదు. ఎందుకంటే మన జుట్టు నలుపు అని మనం అంటామే గాని ఎండలో చూస్తే చాలామందిది ముదురు గోధుమ రంగు. తర్వాత తలస్నానం చేసినకొద్దీ ఆ నలుపు మచ్చలు మచ్చలుగా దిగుతుంది, ఎందుకంటే బొరియలు పడిన జుట్టు రంగుని ఎంత త్వరగా పీల్చుకుంటుందో అంత త్వరగానూ వదిలేస్తుంది. ఇంకోటి, రేపు కాస్త లేత గోధుమ రంగు కావాలనిపిస్తే నలుపు మీద ఆ రంగు ఎక్కదు, రంగుని రంగు తీయలేదు, మళ్లీ బ్లీచే దిక్కు. ఈ జుట్టుకి అది తట్టుకునే శక్తి లేదు.

ఫ్రెండ్ చెప్పిన యాష్ బ్రౌన్ అయితే ఇంకా ప్రమాదం. యాష్ అంటేనే అందులో నీలం, ఆకుపచ్చ ఛాయలు ఉంటాయి. నీ జుట్టు పసుపు. పసుపులో నీలం కలిస్తే ఏమవుతుందో నీ క్లాసులో చిన్నపిల్లలు కూడా చెప్తారు. రేపు పెళ్లి అనగా ఇవాళ రాత్రి పాచి పట్టిన రంగు జుట్టుతో ఒకమ్మాయి మా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది, డబ్బా మీద బొమ్మలో ఎంతో అందమైన గోధుమ రంగు ఉంది మరి. ఆ బొమ్మ బ్లీచ్ జుట్టు మీద వచ్చే రంగు కాదు. నానమ్మ చెప్పిన గోరింటాకు సంగతి కింద రెండో ప్రశ్నకి జవాబులో ఉంది, చూడు.

మరి ఎలా అంటే, బ్లీచ్‌లో పోయిన ఎరుపు, నారింజ ఛాయల్ని ముందు తిరిగి పెట్టాలి. పార్లర్ వాళ్లు దీన్ని ఫిల్లింగ్ అంటారు. కింది 14 అంగుళాలకి ముందు రాగి రంగు లాంటి వెచ్చని ఛాయ వేసి, దాని మీద గోధుమ రంగు వేస్తే అప్పుడు నిజమైన జుట్టు రంగులా కనిపిస్తుంది, అంత త్వరగా ఆకుపచ్చగా మారదు. పర్మనెంట్ కలర్ వద్దు, డెమీ పర్మనెంట్ అడుగు. పర్మనెంట్‌లో సాధారణంగా 20 వాల్యూమ్ డెవలపర్ కలుపుతారు, అంటే 6 శాతం పెరాక్సైడ్, అది పొరపాటున పైనున్న నీ నల్లజుట్టుకి తగిలితే దాన్ని కాస్త లేత చేసేస్తుంది, కొన్నాళ్లకి అక్కడ ఎర్రటి పట్టీ తేలుతుంది. అప్పుడు ఒక గీత కాస్తా రెండు గీతలవుతాయి. డెమీలో పెరాక్సైడ్ తక్కువ, సొంత జుట్టుని దాదాపు ముట్టుకోదు, రంగు కూడా మెల్లగా దిగుతుంది కాబట్టి కొత్త గీత పడదు.

షేడ్ నంబర్ల సంగతి కూడా చెప్తాను, అక్కడే చాలామంది పొరబడతారు. 1 అంటే నలుపు, 3 ముదురు గోధుమ, 4 మధ్యస్థం, 5 లేత గోధుమ. బ్లీచ్ జుట్టు మీద ఏ రంగైనా డబ్బా మీద చూపించినదానికంటే ముదురుగా పడుతుంది కాబట్టి నీకు 3 కావాలనుకుంటే 4తో మొదలుపెట్టమను, చాలకపోతే మళ్లీ ముదురు చేసుకోవచ్చు, కానీ ముదురైనదాన్ని లేత చేయడం కష్టం. నంబర్లో చుక్క తర్వాత 1 ఉంటే, అంటే 4.1 లాగ, చాలా కంపెనీల్లో అది యాష్, అది వద్దని ముందే చెప్పు.

పార్లర్‌కి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయి. తడిసిన బ్లీచ్ వెంట్రుక ఒకటి తీసుకుని రెండు చేతులతో మెల్లగా లాగు. కాస్త సాగి మళ్లీ వెనక్కి ముడుచుకుంటే ఫర్వాలేదు. రబ్బరులా సాగుతూ పోయి తెగిపోయినా, సాగింది సాగినట్టే ఉండిపోయినా పెరాక్సైడ్ కలిపే రంగేదీ ఇప్పుడు వద్దు. పరీక్ష బాగానే ఉంటే మెడ వెనక ఎవరికీ కనబడని ఒక పాయ మీద వేయించి, ఆరాక పగటి వెలుతురులో చూసుకో, ట్యూబ్‌లైట్ కింద నమ్మకు. ఇంకా, రంగు పెట్టే 48 గంటల ముందు చెవి వెనక గానీ మోచేతి మడతలో గానీ కొంచెం రాసి చూడాలి. ఇది ఎవరు వద్దన్నా మానకు. చాలా రంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, ఇదివరకు ఎన్నిసార్లు పెట్టుకున్నా పడినది కూడా ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. దురద, ఎరుపు, వాపు ఏది వచ్చినా ఆ రంగు జోలికి పోవద్దు.

పెళ్లికి ముందురోజు కాదు, 10 రోజుల ముందు వేయించు. తేడా వస్తే సరిచేసుకోడానికి టైం ఉంటుంది. పెళ్లింట్లో నలుగు పెట్టేటప్పుడు, పసుపు నీళ్లు పోసేటప్పుడు జుట్టుకి గుడ్డ చుట్టుకో, బ్లీచ్ జుట్టుకి పసుపు ఇట్టే అంటుకుంటుంది.

ఇక ఏదీ పెట్టకుండా పెంచుకోవాలని ఉందన్నావు చూడు, ఆ మాట నువ్వు ఏడుస్తూనే రాసినా నాకు దానిమీదే మనసు ఆగింది. నిజంగా అంత ఓపిక ఉంటే రంగు అవసరమే లేదు. జడ వేసుకుని సవరం పెట్టి కనకాంబరాలో పూలజడో కట్టుకుంటే కింది 14 అంగుళాలు ఎవరికీ కనబడవు, సవరం మాత్రం నీ సొంత జుట్టు రంగుకి దగ్గరగా ఉండేది వెతుక్కో. పాపిట నిటారుగా కాకుండా కాస్త వంకరగా తీస్తే గీత అంత కొట్టొచ్చినట్టు కనిపించదు. రెండు నెలలకోసారి ఒకటి రెండు అంగుళాలు కత్తిరించుకుంటూ రా. ఈ లెక్కన వచ్చే దసరా తర్వాత మంగళవారం మీ ఊళ్లో పైడితల్లమ్మ సిరిమాను తిరిగేనాటికి నీ సొంత జుట్టు మెడ దాకా దిగుతుంది, అప్పుడు ధైర్యం చేసి మిగతాది ఒకేసారి తీసేయొచ్చు.

నువ్వు నా సొంత చెల్లివైతే ఏం చేసేదాన్నంటే, సాగదీసే పరీక్షలో నిలిస్తే ఒక్కసారి డెమీ వేయించేదాన్ని, ఎందుకంటే రోజూ పొద్దున్నే అద్దం ముందు ఏడ్చి స్కూలుకి వెళ్లడం కూడా చిన్న విషయం కాదు. నిలవకపోతే భుజాల దాకా కత్తిరించి సవరం కట్టేదాన్ని. రంగు వేసినా పీచుతనం మాత్రం పోదు, రంగు మందు కాదు. దానికి తలస్నానానికి ముందురోజు రాత్రి కొబ్బరినూనె పట్టించు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది, నీళ్లలో నాని ఉబ్బినప్పుడు ప్రొటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది, అన్ని నూనెలకీ ఆ గుణం లేదు. ఇస్త్రీ పెట్టెలాంటి ఆ స్ట్రెయిట్‌నర్‌ని అలమారాలో పెట్టి తాళం వేయి.

ప్రశ్న: మేడమ్, మాది ఉద్దానం వైపు, కవిటి దగ్గర. బ్లీచ్ చేసిన జుట్టు నల్లబడుతుందని మా అత్తయ్య చెప్తే గోరింటాకు పెట్టుకున్నాను. క్యారెట్ రంగు వచ్చింది. ఇప్పుడు దాని మీద నల్ల హెన్నా ప్యాకెట్ పెట్టుకోవచ్చా? మాది బోరు నీరు, బకెట్లు కూడా ఎర్రగా అయిపోతాయి.
— పేరు రాయవద్దు

జవాబు: పెట్టుకోవద్దమ్మా. గోరింటాకులో ఉండే లాసోన్ నారింజ ఎరుపు రంగునే ఇస్తుంది, నల్లజుట్టు మీద అది ఎర్రటి మెరుపులా కనిపిస్తుంది, పసుపు జుట్టు మీద ఉన్నదున్నట్టు కనిపించి క్యారెట్ అయింది. అది వెంట్రుకలోని ప్రొటీన్‌కి అతుక్కుంటుంది, కడిగితే పోదు. నల్ల హెన్నా అని అమ్మే ప్యాకెట్లలో చాలావాటిలో నలుపు పీపీడీ నుంచి వచ్చేదే, కొన్నిటిలో లోహపు లవణాలు కూడా కలుపుతారు, తర్వాత ఎప్పుడైనా పెరాక్సైడ్ తగిలితే అలాంటి జుట్టు వేడెక్కి తెగిపోతుంది. నువ్వు పెట్టింది చెట్టు ఆకు రుబ్బి పెట్టిందా, ప్యాకెట్ పొడా అన్నది ముందు గుర్తు తెచ్చుకో. ఆకే అయితే నువ్వు అదృష్టవంతురాలివి, ఎందుకంటే పై చెల్లికి చెప్పిన ఫిల్లింగ్ పని గోరింటాకు ముందే చేసిపెట్టింది, దాని మీద నంబర్ 4 డెమీ వేస్తే మంచి గోధుమ రంగు వస్తుంది. ప్యాకెట్ అయితే ఒక చిన్న పాయ కత్తిరించి దానిమీద రంగు వేసి చూడాలి, వేడెక్కినా పొగ వచ్చినా తలకి వేయొద్దు.

బోరు నీటిలో ఇనుము ఉంటేనే బకెట్లు అలా అవుతాయి, బ్లీచ్ జుట్టు ఆ ఇనుముని పీల్చుకుని ఇంకా ఎర్రబడుతుంది, బిరుసెక్కుతుంది. తలంతా బోరు నీటితోనే కడుక్కో, చివరి రెండు చెంబులు మాత్రం ఇంట్లో తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లు పోసుకో. తలస్నానానికి ముందు జుట్టుని ఆ మంచి నీళ్లతోనే ఒకసారి తడిపి ఉంచితే బోరు నీటిని తక్కువ పీలుస్తుంది. కొబ్బరినూనె గురించి మీ ఉద్దానం వాళ్లకి నేను చెప్పేదేముంది, మీ తోటల కాయలతో ఇంట్లో తీసిందే వాడు.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న అబ్బాయిని. జుట్టు 3 అంగుళాలు, కొసలు మాత్రమే బ్లీచ్. వచ్చే నెల ఇంటర్వ్యూ. రంగు వేయాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. మీ వీధిలో మంగలి షాపుకి వెళ్లి పసుపు ఉన్నంతమేరా తీసేయమను. ఒక కటింగ్‌కి పోకపోతే ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు ఇంకోసారి వెళ్లు.