తిరుపతి ఎండలో లీచేట్‌కు సోలార్ ఫెంటన్: నురగ పొంగుతోంది, సీఓడీ దిగడం లేదు, ఎందుకు?

డంపింగ్ యార్డు లీచేట్‌ను (చెత్తలోంచి ఊరే మురుగునీటిని) ట్రేలో పోసి యాసిడ్, ఫెర్రస్ సల్ఫేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఎండలో పెడితే నురగ పొంగుతోందని, సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్ లెక్క) దిగడం లేదని అడిగారు. సోలార్ ఫెంటన్ అంటే ఇదే: ఎండలో ఇనుము, పెరాక్సైడ్ కలిసి రాడికల్స్ అనే చురుకైన కణాలను పుట్టిస్తాయి, అవి కాలుష్యాన్ని విరగ్గొడతాయి. తిరుపతిలో ఎండకు కొదవ లేదు. చిక్కంతా నీళ్లు ఎండలోకి రాకముందు చేయాల్సిన పనిలోనే ఉంది.

పాత చెత్తగుట్టల ఊటలో బైకార్బొనేట్, అమ్మోనియా దండిగా ఉంటాయి. నేరుగా యాసిడ్ పోస్తే కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా లేస్తుంది, మీరు చూసిన నురగ అదే. దాంతోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా రావచ్చు. అది ప్రాణాలు తీసే వాయువు, ఈ పని గదిలో అస్సలు చెయ్యకండి.

అందుకే ముందు ఏరేషన్ ట్యాంకులో (గాలి ఊదే తొట్టిలో) నైట్రిఫికేషన్, అంటే బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చడం, పూర్తిగా జరగనివ్వండి. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారేటప్పుడు సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీ (యాసిడ్‌ను తటస్థం చేసే గుణం, కాల్షియం కార్బొనేట్ లెక్కలో) ఖర్చవుతుంది. అంత యాసిడ్ మీకు మిగిలినట్టే. పైగా ఫెంటన్ అమ్మోనియా జోలికి దాదాపు పోదు, కాబట్టి ఈ మెట్టు దాటేయడానికి లేదు.

తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ 2.8కి దించండి. హైడ్రోక్లోరిక్ వద్దు, క్లోరైడ్ పెరిగి రాడికల్స్‌ను మింగేస్తుంది. పీహెచ్ దిగాక హ్యూమిక్ ఆమ్లాలు (కుళ్లిన చెత్త నుంచి వచ్చే ముదురు రంగు పదార్థాలు) ముద్దకట్టి అడుక్కి చేరతాయి. రాత్రంతా వదిలేసి పైన తేరిన నీళ్లే వంచుకోండి. డికాక్షన్ లాంటి నల్లటి నీటిలో ఎండ పైపొర దాటదు, చాలామంది ప్రయోగాలు చెడేది ఇక్కడే.

తేరిన నీటి సీఓడీ లీటరుకు 2,000 మిల్లీగ్రాములు అనుకుందాం. 20 లీటర్లకు 6 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ (హెప్టాహైడ్రేట్) వేస్తే లీటరుకు 60 మిల్లీగ్రాముల ఇనుము వస్తుంది. సిద్ధాంతం ప్రకారం ఒక గ్రాము సీఓడీకి 2.125 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. అంటే మొత్తం 85 గ్రాములు, 50 శాతం ద్రావణమైతే సుమారు 140 మిల్లీలీటర్లు. ఇదంతా ఒకేసారి పోస్తే మిగులు పెరాక్సైడే రాడికల్స్‌ను తినేస్తుంది. ఉదయం పది నుంచి మూడింటిలోపు ఎనిమిది పది విడతలుగా పోయండి. టెస్ట్ స్ట్రిప్‌లో పెరాక్సైడ్ బాగా తగ్గినట్టు కనిపించాకే తర్వాతి విడత. గాగుల్స్, గ్లవ్స్ తప్పనిసరి.

ట్రే ప్లాస్టిక్‌దై ఉండాలి, నీటి లోతు 5 సెంటీమీటర్లు చాలు. నల్ల ట్రే వద్దు. మే నెలలో నీళ్లు బాగా వేడెక్కితే పెరాక్సైడ్ పని చెయ్యకుండానే ఆక్సిజన్‌గా విడిపోతుంది. నీటిమట్టం 5 మిల్లీమీటర్లు ఆవిరైతే సీఓడీ సుమారు 11 శాతం ఎక్కువ చూపిస్తుంది, అందుకే మార్కు దాకా డిస్టిల్డ్ వాటర్ పోశాకే శాంపిల్ తియ్యండి.

ఇంకొక మోసం మీ రీడింగులోనే ఉండొచ్చు. మిగిలిపోయిన ప్రతి మిల్లీగ్రాము పెరాక్సైడ్ సీఓడీ కొలిచే డైక్రోమేట్ పరీక్షలో 0.47 మిల్లీగ్రాము దాకా సీఓడీగా కనిపిస్తుంది. సున్నంతో పీహెచ్ 8 దాటించి, పెరాక్సైడ్ పోయిందని స్ట్రిప్‌తో చూసుకుని, వడకట్టి అప్పుడు కొలవండి.

2016 ఘనవ్యర్థాల నిబంధనలు వాగుల్లోకి వదలడానికి సీఓడీ పరిమితిని లీటరుకు 250 మిల్లీగ్రాములుగా పెట్టాయి. ఫెంటన్‌తోనే అక్కడిదాకా లాగితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. బీఓడీ (బ్యాక్టీరియా తినగల కాలుష్యానికి కావాల్సిన ఆక్సిజన్ లెక్క), సీఓడీ నిష్పత్తి 0.3 దాటగానే ఆపి, పీహెచ్ సరిచేసి మళ్లీ ఏరేషన్ ట్యాంకుకు పంపండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలకు లీచేట్ పెరుగుతుంది, ఎండ తగ్గుతుంది. నిల్వ చెరువు ఆ మూడు నెలల లెక్కతోనే కట్టాలి.