ఏనుగును ఎత్తుకుపోయే గండభేరుండం

ప్రశ్న: నా ఫాంటసీ నవలలో గండభేరుండం ఏనుగును ఎత్తుకుపోతుంది. చదివినవాళ్లు నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. రెండు తలలూ ఉండాలి, ఏనుగూ ఉండాలి. ఎలా? – ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఏనుగులను పట్టిన గండభేరుండం విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీదే ఉంది, వదులుకోకండి. చిక్కంతా బరువుతోనే. 5 కిలోల రాబందును అన్ని కొలతల్లో రెట్టింపు చేస్తే రెక్కల వైశాల్యం 4 రెట్లే అవుతుంది, బరువు 8 రెట్లు, అంటే 40 కిలోలు. అందుకే రెక్కల చాపు 5, 6 మీటర్ల దగ్గర ఆపండి. అంత పక్షి నేల మీంచి లేవలేక తంటాలు పడుతుంది. గూడు కొండచరియ మీద పెట్టండి, ఎండెక్కి వేడిగాలి పైకి లేచాకే దూకనివ్వండి. తెల్లవారుజామున దాడి చేయించారో, కథ అక్కడే దొరికిపోతుంది.

ఏనుగు గున్న పుట్టినప్పుడే దాదాపు 100 కిలోలుంటుంది. మోయించకండి. చచ్చిన గున్న ఎముకలను ఒక్కొక్కటిగా తెచ్చి, బండల మీద జారవిడిచి పగలగొట్టి మూలుగ తిననివ్వండి. హిమాలయాల్లో గడ్డపు రాబందు చేసే పని ఇదే. గూటి కింద పగిలిన కాలి ఎముక చూసిన ఊరివాళ్లు “ఏనుగునే ఎత్తుకుపోయింది” అంటారు. మీకు కావలసిన జానపదం అదే!

ఇక తలలు. రెండు తలల పాములు తిండి కోసం తమలో తామే కొట్లాడుకుంటాయి, కాబట్టి పనులు పంచండి: ఒకటి నిద్రపోతే ఒకటి కాపలా. సగం మెదడుతో నిద్రపోయే పక్షులు నిజంగానే ఉన్నాయి. మెడలు పొట్టిగా, ముక్కులు తేలిగ్గా ఉంచి, రెక్కల మొదలు కాస్త ముందుకు జరపండి. లేకుంటే ముందు బరువెక్కి తలకిందులవుతుంది.