న్యూరోసర్జరీ వార్డు నుంచి క్లినికల్ రీసెర్చ్‌లోకి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఏడాదిగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలోని న్యూరోసర్జరీ వార్డులో పనిచేస్తోంది. ఉద్యోగం మానేసి, హైదరాబాద్‌లో ఆరు నెలల క్లినికల్ రీసెర్చ్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు లక్షన్నర. చేర్పించమంటారా? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న క్లినికల్ రీసెర్చ్ రంగం, అంటే కొత్త మందులను, చికిత్సలను రోగులపై పరీక్షించి చూసే పరిశోధన, మంచిదే కానీ, ఆ కోర్సు కోసం వార్డు ఉద్యోగం వదులుకోవడం సరికాదు. ఫార్మసీ, లైఫ్ సైన్సెస్ చదివి ఈ రంగంలోకి వచ్చేవారిలో చాలామందికి, మెదడుకో వెన్నెముకకో శస్త్రచికిత్స జరిగిన రోగిని దగ్గరుండి చూసుకున్న అనుభవం ఉండదు. మీ అమ్మాయికి అది ఉంది.

వెన్నెముక ఆపరేషన్ తర్వాత సాయంత్రం వరకు కాలు ఎత్తగలిగిన రోగి రాత్రికి ఎత్తలేకపోతే, లోపల రక్తం గడ్డకట్టి వెన్నుపామును నొక్కుతోందేమోనని అనుమానించి వెంటనే సర్జన్‌ను పిలవడం నర్సుగా ఆమె చేసే పని. అదే రోగి ఒక కొత్త మందు ట్రయల్‌లో (ప్రయోగ పరీక్షలో) ఉంటే, 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం, ట్రయల్ నడిపే పరిశోధకుడు ఇలాంటి తీవ్రమైన సంఘటనను 24 గంటల్లోగా ఎథిక్స్ కమిటీకి (రోగుల భద్రత, హక్కులను చూసే కమిటీ), స్పాన్సర్‌కు (ట్రయల్ చేయిస్తున్న సంస్థ), కేంద్ర లైసెన్సింగ్ అధికారికి తెలియజేయాలి. ఆ కాగితాలను సిద్ధం చేయడంలో పరిశోధకుడికి తోడుగా నిలిచేది క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. మీ అమ్మాయి మొదట గురిపెట్టవలసిన ఉద్యోగం అదే.

ఆ ఉద్యోగంలో ఓపికకు పెద్ద పరీక్ష ఫాలోఅప్, అంటే చికిత్స తర్వాత రోగి ఎలా ఉన్నాడో మళ్లీ మళ్లీ కనుక్కోవడం. నడుము ఆపరేషన్ల ఫలితాన్ని అంచనా వేయడానికి విస్తృతంగా వాడే ఆస్వెస్ట్రీ ప్రశ్నావళిలో 10 విభాగాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు ఉంటాయి. దాంపత్య జీవితానికి సంబంధించిన విభాగం దగ్గరికి వచ్చేసరికి చాలామంది రోగులు మౌనం వహిస్తారు. అక్కడ కోఆర్డినేటర్ తనకు తోచిన అంకె వేయకూడదు. దాన్ని ఖాళీగానే ఉంచి, మొత్తాన్ని 50కి బదులు 45కి లెక్కించాలి. పక్కన కొడుకో కోడలో కూర్చుని ఉండగా ఆ ప్రశ్న అడిగితే జవాబు రాదన్న ఇంగితం మాత్రం ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకదు. రికార్డులో పొరపాటు పడితే వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ వేయడం కేస్‌షీట్లు రాసే నర్సుకు కొత్తేమీ కాదు.

లక్షన్నర ఖర్చు లేకుండానే మొదలుపెట్టవచ్చు. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ (ట్రయల్స్ నిర్వహణలో పాటించాల్సిన ప్రమాణాలు) మీద ఉచిత ఆన్‌లైన్ శిక్షణలు ఉన్నాయి. 2007లో ప్రారంభమైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా వెబ్‌సైట్‌లో పక్షవాతం, వెన్నెముక వంటి అంశాలతో వెతికితే, ఏ ఆసుపత్రిలో ఏ ట్రయల్ జరుగుతోందో వివరాలు దొరుకుతాయి. దరఖాస్తు ఎక్కడికి పంపాలో దాన్నిబట్టి తేల్చుకోవచ్చు. హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్ ప్రకటనలనూ గమనిస్తుండాలి. అయితే ప్రాజెక్టు పోస్టులు సాధారణంగా కాంట్రాక్టువి; ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. నర్సింగ్‌లోనే పైకి ఎదగాలనుకుంటే, ఏడాది వ్యవధి గల న్యూరోసైన్స్ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమా చేయవచ్చు.

నూరు శాతం ప్లేస్‌మెంట్ అని ఆ ఇన్‌స్టిట్యూట్ చెబుతుంటే, గత బ్యాచ్‌లో ఉద్యోగాలు వచ్చిన ఇద్దరు ముగ్గురితో నేరుగా మాట్లాడించమని అడగండి. అలాగే, మీ అమ్మాయి నైట్ డ్యూటీలకు విసిగి ఈ నిర్ణయానికి వచ్చిందేమో కూడా నిదానంగా కనుక్కోండి. కోఆర్డినేటర్ పని చాలావరకు పగటిపూటే ఉంటుంది కానీ, ట్రయల్‌లో ఉన్న రోగి పరిస్థితి విషమిస్తే అర్ధరాత్రయినా ఫోన్ వస్తుంది.