బొమ్మ బాగుంది, దేనితో చేయాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. ఏడాదిగా ఆమె ధ్యాసంతా కుర్చీలు, సోఫాలు, మంచాల మీదే. ఫోనులో కొత్త డిజైన్లు చూస్తుంది, నోటుపుస్తకాల నిండా గీస్తుంది. ఫర్నిచర్ డిజైన్ చదువుతానని పట్టుబట్టింది. ‘వడ్రంగి పని కోసం ఇంజినీరింగ్ సీటు వదులుకుంటారా’ అని బంధువులు అంటున్నారు. ఇది నిజంగా చదువేనా? ఎక్కడ చెబుతారు? ఇక్కడ ఉండి ఎలా సిద్ధం కావాలి? ఈఏపీసెట్ శిక్షణ మానిపించాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇది నిజమైన చదువే. నాలుగేళ్ల డిగ్రీ ఉంది, ఆ పైన పీజీ ఉంది, ఉద్యోగాలూ ఉన్నాయి. అయితే పంపాలా వద్దా అన్నది ఆమె ఎంత అందంగా గీస్తుందో చూసి తేల్చకండి. ఆమె గీసిన వాటిలో ఒక కుర్చీ బొమ్మ తీసి, ‘ఇది దేనితో చేస్తారు? కాలు, పీట ఎలా అతుక్కుంటాయి?’ అని అడగండి. వెంటనే జవాబు రానక్కర్లేదు. విసుక్కోకుండా ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్లే పిల్ల అయితే నిశ్చింతగా పంపండి. ఫర్నిచర్ డిజైన్‌లో పెద్ద వంతు ఆ జవాబులోనే ఉంటుంది.

మీ బంధువుల మాట సంగతి. వడ్రంగి పని తెలియకుండా ఈ రంగంలో గట్టిగా నిలబడడం కష్టం. అది తక్కువ పని అన్న భావం ఇంట్లో ఉంటే, పిల్ల పనివాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవడానికి మొహమాటపడుతుంది. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. దయచేసి ఆ మాట ఆమె ముందు అననివ్వకండి.

ఫోనులో కనిపించే కొత్త రూపాల వెనుక ఏముందో ఆమెకు తెలియాలంటే కొంచెం చరిత్ర చదవాలి. 1859లో ఆస్ట్రియాలోని మైకేల్ థోనెట్ సంస్థ తెచ్చిన 14వ నంబరు కుర్చీతో మొదలుపెట్టమనండి. బీచ్ అనే ఐరోపా చెట్టు కొయ్యకు ఆవిరి పట్టి అచ్చుల్లో వంచి చేసిన కుర్చీ అది. మొక్కై వంగనిది మానై వంగదంటాం గానీ, ఆవిరి బాగా పట్టిన కొయ్య వంగుతుంది, ఆరిన తర్వాత ఆ వంపును నిలబెట్టుకుంటుంది. మొత్తం 6 కొయ్య ముక్కలు, 10 మరలు, 2 నట్లు. విడదీసి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. దూరదేశాలకు పంపి అక్కడ బిగించుకునే ఫర్నిచర్‌కు దారి చూపింది అదే. 1925లో మార్సెల్ బ్రాయర్ అనే డిజైనర్ ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీ చేశాడు. సైకిల్ హ్యాండిల్ చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు అమెరికా నౌకాదళం కోసం, విరిగిన కాళ్లకు కట్టే బద్దలను ప్లైవుడ్‌ను వంచి తయారుచేశారు. యుద్ధం ముగిశాక అదే నేర్పుతో ఒంటి వంపులకు సరిపోయే కుర్చీలు చేశారు. ఈ దంపతులే 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. దాని ప్రేరణతో 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, అంటే ఎన్‌ఐడీ పుట్టింది. మీ అమ్మాయి ప్రవేశ పరీక్ష రాయబోయేది ఆ సంస్థకే.

మన కల్యాణ మండపాల్లో ఒకదాని మీద ఒకటి పేర్చే ప్లాస్టిక్ కుర్చీని కూడా చిన్నచూపు చూడవద్దని చెప్పండి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి ఒకే అచ్చులోకి ఒత్తిడితో పంపితే అతుకు లేకుండా కుర్చీ మొత్తం ఒకేసారి వస్తుంది. అంత పలచని ప్లాస్టిక్ ఒక మనిషి బరువును ఎలా మోస్తోంది? కాళ్లకు, వీపుకు ఇచ్చిన మడతల వల్ల, అంచుల వంపుల వల్ల. ఎంపీసీ చదివే పిల్లకు ఇది ఫిజిక్స్ పాఠమే.

ఇక ఇప్పటి డిజైన్లు. గోడ మీద, మంచం తలవైపు కనిపించే నిలువు గాడుల పలకలు చాలాచోట్ల ఎండీఎఫ్‌ను, అంటే కొయ్య నారను జిగురుతో ఒత్తి చేసిన పలకను, కంప్యూటర్‌తో నడిచే రౌటర్ యంత్రంపై గాడులు తీసినవే. గుండ్రని సోఫాలో గుడ్డ కింద ప్లైవుడ్ పక్కటెముకలు ఉంటాయి, వాటి మీద ఫోమ్ ఉంటుంది. కూర్చునే చోట బరువైన ఫోమ్, వీపుకు తేలికైనది వాడకపోతే ఏడాదికే గుంటపడుతుంది. టేకు చట్రానికి పేము అల్లిన కుర్చీలు ఇప్పుడు మళ్లీ ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. చండీగఢ్ కార్యాలయాల కోసం 1950లలో స్విస్ ఆర్కిటెక్టు పియెర్ జానరే బృందం చేయించిన అలాంటి కుర్చీలు ఇవాళ విదేశీ వేలాల్లో భారీ ధర పలుకుతున్నాయి. కొత్తదని మనం అనుకునేది చాలాసార్లు పాత పదార్థం కొత్త చట్రంలో కూర్చోవడమే.

మీ అమ్మాయి ఇప్పటి నుంచే బాగా పట్టుకోవాల్సింది పలకల విద్య. ఇప్పుడు ఇళ్లలో కొత్తగా చేసే బీరువాలు, వంటింటి అరలు ఎక్కువగా వీటితోనే వస్తున్నాయి. ప్లైవుడ్ అంటే కొయ్య నుంచి తీసిన పలచని పొరలను ఒకదానికొకటి అడ్డంగా వేసి జిగురుతో ఒత్తినది. పొరల సంఖ్య మామూలుగా బేసి. ఎందుకు బేసి అని ఆమెనే ఆలోచించమనండి. ఎంఆర్ (మాయిశ్చర్ రెసిస్టెంట్) రకంలో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. అది గాలిలోని తేమను తట్టుకుంటుంది, నీళ్లను తట్టుకోదు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణపు ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడతారు కాబట్టి మరుగుతున్న నీళ్లలో ఉంచినా పొరలు విడిపోవు. పార్టికల్ బోర్డు కొయ్య పొట్టును జిగురుతో అచ్చొత్తినది. చవకే, కానీ అంచు నుంచి నీరు ఎక్కితే ఉబ్బిపోతుంది, మర రెండోసారి బిగించితే పట్టు ఉండదు. ఎండీఎఫ్ నున్నగా ఉండి రంగు బాగా పడుతుంది, బరువెక్కువ, తడికి అదీ బలహీనమే. ఈ జిగుర్ల నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా వెలువడుతూ ఉంటుంది. పలకల మీద ఈ1, ఈ0 అని రాసేది ఆ మోతాదును బట్టే, ఈ0లో తక్కువ. పసిపిల్లల గదికి ఏ పలక వాడాలో నిర్ణయించే మనిషికి ఇది తెలిసి తీరాలి. సన్‌మైకా రంగు ఎంచడం కంటే ఇదే పెద్ద బాధ్యత.

ఘనమైన కొయ్య మరో లోకం. కొయ్య తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే అడ్డంగానే ముడుచుకుంటుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. ఈశాన్య రుతుపవనాల వానలకు తలుపు బిగుసుకుపోయి మే నెలలో వదులయ్యేది ఇందువల్లే. మీ ఊళ్లో పాత మిద్దె ఏదైనా ఉంటే దాని తలుపు చూపించండి. చట్రం గట్టిగా బిగించి ఉంటుంది, మధ్య పలక మాత్రం గాడిలో వదులుగా కూర్చుని ఉంటుంది. ఉబ్బడానికీ ముడుచుకోవడానికీ చోటు వదిలారు మన ఆచార్లు. చేవ దేలిన లోపలి కొయ్యనే ఎందుకు వాడేవారో, బయటి తెల్లకొయ్యకు పురుగు ఎందుకు పడుతుందో వాళ్లనే అడిగి తెలుసుకోమనండి.

మన జిల్లాలో మామిడి తోటలకు కొదవ లేదు. ముదిరి కాపు తగ్గిన చెట్ల కొయ్య చాలావరకు పొయ్యిలోకో ప్యాకింగు పెట్టెలకో పోతుంది. అదే మామిడి కొయ్యతో జోధ్‌పూర్ వాళ్లు బల్లలు, బీరువాలు చేసి విదేశాలకు ఎగుమతి చేస్తున్నారు. దానికి పురుగు తొందరగా పడుతుంది, బూజు మచ్చలు వస్తాయి. కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పట్టించి, బట్టీలో సరిగ్గా ఆరబెడితే మంచి ఫర్నిచర్ అవుతుంది. తోతాపురి గుజ్జుకు పేరుపడ్డ ప్రాంతం ఆ చెట్టు కొయ్యకూ పేరు తెచ్చుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. మీ అమ్మాయి ఈ పని చేస్తే ఎంతో సంతోషిస్తాను.

ఎర్రచందనం గురించి కూడా ఆమె తప్పక అడుగుతుంది. చైనా రాజాస్థానాల ఫర్నిచర్‌లో అత్యంత విలువైనదిగా ఎంచిన కొయ్య అదేనని చెబుతారు. సహజంగా పెరిగేది మాత్రం శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టు, అంతర్జాతీయ వ్యాపారంపై సైట్స్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) ఆంక్షలున్నాయి, నరకడం, రవాణా మీద చట్టాలు కఠినంగా ఉన్నాయి. చదువు కోసమని కూడా దారి తెలియని ముక్క ఇంటికి తేవద్దు. కొయ్య ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపమని అడగడం ఆమెకు మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

సిద్ధం కావడానికి ఇంటి నుంచి దూరం వెళ్లక్కర్లేదు. ఆదివారం ఒక ప్లైవుడ్ దుకాణానికి, మరో ఆదివారం సామిల్లుకు, ఇంకోసారి మీకు తెలిసిన వడ్రంగి దగ్గరకు మీరే తీసుకెళ్లండి. దుకాణంలో పారేసే ముక్కలు అడిగితే ఇస్తారు. వాటిని నీళ్లలో వేసి ఏది ఎంత ఉబ్బిందో కొలిచి రాసుకోమనండి. ఏర్పేడు మండలం మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థలో కొయ్య శిల్పం ఒక కోర్సుగా ఉంది. ఆమె అందులో చేరాలని కాదు, ఉలి పట్టే చేతులను దగ్గరగా చూడాలని. పరీక్షల తర్వాత సెలవుల్లో ఒక చిన్న పీట తానే పూర్తిగా చేయాలి. కోయడం, చిత్రిక పట్టడం, బెజ్జం తొలిచి కొయ్య కొసను దిగగొట్టడం, అన్నీ. వంకరగా వచ్చినా ఫర్వాలేదు.

ఇంకొక పని కూడా ఇస్తాను. తిరుపతి లాడ్జి గదిలో మంచం గమనించమనండి. రోజుకో కుటుంబం వచ్చిపోతుంది, ప్రతిసారీ నేల తడిగుడ్డతో తుడుస్తారు, మంచం కాళ్ల దగ్గర పార్టికల్ బోర్డు ఉబ్బి పొర లేచిపోతుంది. సామాను పెట్టే చోటు లేక బరువైన పెట్టెలు మంచం మీదే పడతాయి. కాళ్లకు ఏ లోహం వాడాలి, పలక నేలకు ఎంత ఎత్తులో ఆగాలి, పాడైన భాగం ఒక్కటే మార్చుకునేలా ఎలా బిగించాలి? దీనికి కొలతలతో, పదార్థాల పేర్లతో రెండు పేజీల జవాబు గీస్తే, విదేశీ సోఫాల బొమ్మలు పది పుస్తకాల నిండా ఉన్నదానికంటే మంచి పోర్ట్‌ఫోలియో, అంటే ఆమె పనితనం చూపే సంకలనం, అవుతుంది.

చదువుల విషయం. అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్ ప్రత్యేక విభాగం. మన రాష్ట్రంలో 2015లో మొదలైన ఎన్‌ఐడీలో ఇండస్ట్రియల్ డిజైన్ ఉంది, దాని ద్వారా కూడా ఈ రంగంలోకి రావచ్చు. వీటికి డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాయాలి. ఐఐటీ హైదరాబాద్ వంటి చోట్ల బీడిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దాన్ని వరుసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు. డాట్‌కు వయోపరిమితి ఉంది, ప్రకటనలో చూసుకోండి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా అర్హులే. దరఖాస్తులు సాధారణంగా దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతాయి, ఇంటర్ పరీక్షల హడావుడిలో చాలామంది తేదీ దాటించుకుంటారు. డాట్ రెండో దశలో ఇచ్చిన సామగ్రితో చేత్తో ఏదైనా చేసి చూపమనే అవకాశం ఉంది. పీట చేసిన చేతికి అక్కడ బెరుకు ఉండదు. కొయ్య మీదే మనసు నిలిస్తే బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇచ్చే శిక్షణల గురించి తెలుసుకోండి. మీకు అది దగ్గరే.

ఈఏపీసెట్ మానిపించవద్దు. డిజైన్ సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఈసారి రాకపోతే మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఆ తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్షతో ఎండిజైన్‌కు, అంటే డిజైన్ పీజీకి, వెళ్లే దారి ఉంది. లోహాలు, యంత్రాలు తెలిసినవాళ్లు ఫర్నిచర్ కర్మాగారాల్లో బాగా రాణిస్తారు. ఆర్కిటెక్చర్ మరో దారి.

ఉద్యోగాలు మాడ్యులర్ వంటిళ్ల కర్మాగారాల్లో, ఫర్నిచర్ సంస్థల్లో, తలుపు కీళ్లు, సొరుగు చానెళ్లు చేసే కంపెనీల్లో, ఆర్కిటెక్టుల కార్యాలయాల్లో దొరుకుతాయి. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ కొలువులతో పోలిస్తే జీతం తక్కువగా ఉంటుందనే అనుకోండి. పని దుమ్ములో, రంపాల చప్పుడులో ఉంటుంది. ఆడపిల్ల కదా అని అక్కడికి పంపకుండా కంప్యూటర్ ముందే కూర్చోబెడితే ఆమె ఎదుగుదల అక్కడే ఆగిపోతుంది. చెవులకు రక్షణ, ముఖానికి మాస్కు, కంటికి అద్దాలు ఇచ్చే చోటు చూసి పంపండి. తిరుపతి చుట్టూ లాడ్జీలు, కల్యాణ మండపాలు, విద్యాసంస్థల హాస్టళ్లు పెరుగుతున్నాయి. అయిదారేళ్ల అనుభవంతో ఇక్కడికే తిరిగి వచ్చి సొంత వర్క్‌షాపు పెట్టుకునే వీలుంది.

డబ్బు సంగతి. ప్రభుత్వ సంస్థలే అయినా ఎన్‌ఐడీ, ఐఐటీల ఫీజులు చిన్నవి కావు. తాజా ప్రకటన చూసి, నాలుగేళ్ల హాస్టల్ ఖర్చు, సామగ్రి ఖర్చు కలిపి లెక్క వేసి, విద్యా రుణం గురించి బ్యాంకులో ముందే మాట్లాడండి. ఏడాదిలో ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా ఇస్తామనే చోట్లకు వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్త. వర్క్‌షాపు చూపించమని అడగండి. ఎన్ని యంత్రాలున్నాయి, వారానికి ఎన్ని గంటలు అక్కడ పని, ఒక్కో విద్యార్థి అసలు కొలతలతో ఎన్ని వస్తువులు చేస్తాడు, ఈ మూడు అడగండి. నేల మీద రంపపు పొట్టు కనిపించకుండా కంప్యూటర్లు మాత్రమే చూపిస్తే అక్కడ అడ్వాన్సు కట్టకండి.