బోల్టు వదులైందా, సీలు పోయిందా: ట్రాక్టర్‌ను చూసే పద్ధతి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. ట్రాక్టర్ కింద రోజూ ఆయిలు మరక పడుతోందనీ, కనపడ్డ బోల్టులన్నీ బిగించినా ఆగలేదనీ రాశావు. చూడకుండా బిగిస్తే వదులైనది దొరకదు సరికదా, బాగున్నవాటి మరలు తెగుతాయి. కాబట్టి పానా పక్కన పెట్టి ముందు బండిని చూడు.

కడగకముందే చూడాలి. ఆయిలు ఊరే చోట దుమ్ము తడిసి నల్లగా పేరుకుంటుంది. వదులైన నట్టు కింద తుప్పు రంగు చార దిగుతుంది, లేదంటే రాపిడికి పెయింటు లేచి ఇనుము మెరుస్తుంది. నీళ్లు కొడితే ఈ ఆనవాళ్లన్నీ పోతాయి. చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకున్నాకే కడుగు. కడిగేటప్పుడు నీటి ధార బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) మీద పడనీయకు. లోపలికి నీళ్లు వెళితే ఆయిలు పాలలా తెల్లబడుతుంది, ఆ తర్వాత మొత్తం మార్చడమే.

బండి చదును నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకో. ఇంజను ఆగినా, పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ ఆయిలు పైపుల్లో ఒత్తిడి మిగిలి ఉంటుంది. లివర్లు అటూ ఇటూ కదిపి దాన్ని వదిలించాలి. లిఫ్ట్ మీద వేలాడుతున్న పనిముట్టు కిందికి దూరవద్దు, ఒక్క నిమిషం పనే అయినా సరే.

బోల్టుల్లో ముందు చక్రాలవి చూడు. చిన్న సుత్తితో ఒక్కోదాన్ని తట్టు. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే మొద్దుగా మోగుతుంది. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి, అప్పుడే డిస్కు సమంగా కూర్చుంటుంది. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ మొదటి గంట పని అయ్యాక ఒకసారి, మర్నాడు మరోసారి బిగువు చూడాలి. కోలగా సాగిన రంధ్రం కనిపిస్తే నట్టు బిగించి లాభం లేదు, డిస్కు మార్చాల్సిందే.

తర్వాత చూడాల్సినవి ముందు ఇరుసు బ్రాకెట్‌ను ఇంజనుకు పట్టి ఉంచే బోల్టులు. చాలామంది వీటి జోలికే పోరు. ముందు లోడరో డోజరో ఉన్న బండికి గుంతలో పడ్డ ప్రతి దెబ్బా వీటి మీదే పడుతుంది. ఇవి వదులుగా ఉండగానే బండి నడుపుతూ పోతే ఇంజను బ్లాకులోని మరలే పోతాయి, అది పెద్ద ఖర్చు. ఇంజనుకూ క్లచ్ హౌసింగ్‌కూ, క్లచ్ హౌసింగ్‌కూ గేరుబాక్సుకూ మధ్య అతుకులు కూడా అలాంటివే. అతుకు పొడవునా సన్నటి తడి గీత ఉంటే ప్యాకింగు పోయిందని వెంటనే అనుకోకు, ముందు ఆ వరుస బోల్టుల బిగువు చూడు. స్టీరింగ్ బాల్ జాయింట్ల దగ్గర స్ప్లిట్ పిన్నులు (నట్టు ఊడకుండా దూర్చే చీలిక పిన్నులు) ఉన్నాయా, టాప్ లింక్ బ్రాకెట్, డ్రాబార్, మడ్‌గార్డు బోల్టులు కదులుతున్నాయా అన్నది చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది.

బిగువు ఎంత ఉండాలన్నది మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే నమ్ము. ఒక అందాజు కావాలంటే, తల మీద 8.8 అని (అది బోల్టు గట్టిదనం గుర్తు) ఉన్న 12 మి.మీ. బోల్టుకు, మరలు పొడిగా ఉంటే, 80 న్యూటన్ మీటర్ల పైచిలుకు సరిపోతుంది. అంటే 30 సెం.మీ. పానా చివర పట్టుకుని 28 కిలోల బలంతో లాగినంత. 16 మి.మీ. దానికి 200 దాటాలి, అదే బలానికి పానా 70 సెం.మీ.కు పైగా ఉండాలి. ఇక్కడ 12, 16 అన్నవి మర లావు, తలకాయ కొలత కాదు. పానాకు పైపు తొడిగి చిన్న బోల్టును లాగేవాళ్లు దాన్ని బిగించడం లేదు, సాగదీస్తున్నారు. సాగిన బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు. మరలకు నూనె రాస్తే తక్కువ బలానికే ఎక్కువ సాగుతుందన్నది గుర్తుంచుకో. సిలిండర్ హెడ్ బోల్టులను మాత్రం ఈ తనిఖీలో ముట్టుకోవద్దు. వాటికి వరుస, కొలత వేరే ఉంటాయి.

ఒకే బోల్టు మళ్లీ మళ్లీ వదులవుతుంటే విప్పి కారణం వెతుకు. స్ప్రింగ్ వాషరు అణిగి చదునైపోయి ఉండొచ్చు. లేదా పొడవు ఎక్కువైన బోల్టు వేసి ఉండొచ్చు. అడుగు మూసుకున్న రంధ్రంలో దాని కొస అడుక్కి తగిలితే చేతికి గట్టిగానే అనిపిస్తుంది గానీ రెండు ముక్కలనూ అదిమి పట్టదు. ఆ రంధ్రంలో మట్టో ఆయిలో నిండినా ఇదే జరుగుతుంది. శుభ్రం చేసి, సరైన పొడవుది వేసి, బోల్టు తల లేదా నట్టు మీదుగా పక్కనున్న ఇనుము మీదికి పెయింటుతో ఒక గీత గీయి. ఆ తర్వాత గీత రెండు ముక్కలైతే అది తిరిగిందన్నమాటే.

ఇక ఆయిలు సంగతి. రాత్రి బండి కింద తెల్ల అట్ట పరిచి పొద్దున్నే చూడు. నల్లగా ఉంటే ఇంజను ఆయిలు, తేనె రంగులో ఉంటే ఎక్కువగా హైడ్రాలిక్ లేదా గేరు ఆయిలు, నీళ్లలా పల్చగా ఉండి వాసన కొడితే డీజిలు. చుక్క పడ్డ చోటే లీకు ఉందనుకోవద్దు. ఆయిలు కిందికి జారుతుంది, ఫ్యాను గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న తడి చోటు వెతకాలి. అదీ తేలకపోతే, ఇంజను ఆగి ఉండగానే ఆ భాగం బాగా తుడిచి, టాల్కం పౌడరు చల్లి, కాసేపు నడిపి, ఆపి చూడు. మొదట తడిసిన చోటే అసలు లీకు. సెకనుకు ఒక చుక్క చిన్నదే అనిపిస్తుంది గానీ, 8 గంటల్లో లీటరున్నర దాకా పోతుంది.

ఇప్పుడు చెప్పేది గట్టిగా గుర్తుంచుకో. ఒత్తిడిలో ఉన్న హోస్‌ను చేత్తో తడిమి లీకు వెతకవద్దు. ట్రాక్టర్ హైడ్రాలిక్స్‌లో 150 నుంచి 200 బార్ల ఒత్తిడి మామూలే. సూదిమొనంత రంధ్రం నుంచి కంటికి కనపడని ధార వచ్చి చర్మంలోకి దూరుతుంది. మొదట చిన్న గాటులా ఉండి నొప్పి కూడా పెద్దగా ఉండదు, లోపల మాత్రం కండ చచ్చిపోతుంది. అలా జరిగితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో ఆయిలు లోపలికి దూరిందని డాక్టరుకు చెప్పాలి. వెతకడానికి కళ్లద్దాలు పెట్టుకుని పొడవాటి అట్ట ముక్క వాడు.

హోస్ మీద ఉబ్బు ఉన్నా, లోపలి తీగ కనపడుతున్నా మార్చెయ్యి. టేపు చుడితే లీకు ఆగదు, కనపడకుండా పోతుంది. కొత్తది వేసేటప్పుడు మెలి పడకుండా, ఇనుముకు రాసుకోకుండా చూడు. ఓరింగు (గుండ్రటి రబ్బరు రింగు) ఉన్న జాయింటు కారితే ఇంకా బిగించడం పరిష్కారం కాదు, ఎక్కువ బిగిస్తే ఓరింగు తెగుతుంది. అలాంటి చోట టెఫ్లాన్ టేపు కూడా వద్దు, దాని పీలికలు వాల్వులో ఇరుక్కుంటాయి. రాగి వాషరు విప్పిన ప్రతిసారీ కొత్తది వేయడమే మేలు.

బయటికి కారని లీకు కూడా ఉంటుంది. పంపుకు ఆయిలు తెచ్చే పైపు వదులైతే ఆయిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పంపు ఈలలా అరుస్తుంది, లిఫ్ట్ కుదుపుతూ లేస్తుంది, డిప్‌స్టిక్ మీద నురగ కనపడుతుంది.

క్లచ్ హౌసింగ్ అడుగున స్ప్లిట్ పిన్ను వేలాడే చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయవద్దు. అక్కడ నల్ల ఆయిలు కారితే క్రాంక్ వెనక సీలు (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిలును ఆపే రబ్బరు వలయం), గేరు ఆయిలు కారితే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు అనుమానించాలి. సీలు ఏదైనా సరే, మార్చేముందు బ్రీదర్ చూడు. అది మట్టితో పూడిపోతే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు నుంచి కూడా ఆయిలు నెట్టుకొస్తుంది. ఆయిలు మట్టం ఎక్కువైనా అంతే. మట్టం చూసేటప్పుడు లిఫ్ట్ చేతులు దించి ఉండాలి.

లిఫ్ట్ నిలవడం లేదని కూడా రాశావు. ఆయిలు వేడెక్కాక పనిముట్టును ఎత్తి, ఇంజను ఆపి, దూరంగా నిలబడి నేల నుంచి ఎత్తు కొలువు. అరగంట తర్వాత మళ్లీ కొలువు. ఆ రెండు కొలతలూ, ఇంజను నడుస్తుండగా లిఫ్ట్ దానంతటదే దిగుతూ లేస్తూ ఉందా లేదా అన్నదీ రాసి పంపు. వాల్వు విప్పాలా, సిలిండర్ సీలు మార్చాలా అన్నది అది చూశాక చెబుతాను.

మీ మావయ్య