మాత్రలు పార్సిల్లో పంపకండమ్మా

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి అమెరికాలో ఎమ్మెస్ మొదటి ఏడాది చదువుతోంది. రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదని ఫోన్లో ఏడుస్తోంది. ఒక సబ్జెక్టు వదిలేస్తానంటోంది. అక్కడ కౌన్సెలింగ్‌కు గంటకు 150 డాలర్లు అడిగారట. ఇక్కడి డాక్టరుతో నిద్రమాత్రలు రాయించి పచ్చళ్లతో పాటు పంపనా? నాకూ కంటిమీద కునుకు లేదు.

జవాబు: వద్దమ్మా. అమ్మాయిని చూడకుండా రాసిన మందు ఆమెకు పడకపోవచ్చు. నిద్రమాత్రల్లో చాలావాటిపై అక్కడ గట్టి నియంత్రణ ఉంది, పార్సిల్ పట్టుబడితే చిక్కు ఆమెకే.

150 డాలర్లు ప్రైవేటు రేటు. ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు ఫోన్ చేయమనండి. చాలాచోట్ల ఆ ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే కలిసి ఉంటుంది. మన పిల్లలు తప్పు చేసేది ఇక్కడే: "కొంచెం స్ట్రెస్" అని ఊరుకుంటారు, దాంతో వెయిటింగ్ లిస్టులో వెనక్కి పోతారు. రాత్రికి ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని వారాలుగా, ఎన్ని క్లాసులు పోయాయి, ఇవన్నీ అంకెల్లో చెప్పాలి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ టైమ్ తనకివ్వమనీ అడగాలి.

యూనివర్సిటీ సెంటర్‌లో ఇచ్చే సెషన్లు సాధారణంగా కొన్నే. అవి అయిపోయాక సైకాలజీ విభాగం నడిపే ట్రైనింగ్ క్లినిక్ ఉందేమో కనుక్కోమనండి. అక్కడ చూసేది పీహెచ్‌డీ విద్యార్థులైనా, పైన అనుభవజ్ఞులు పర్యవేక్షిస్తారు, ఫీజు తక్కువ. బయట చూపించుకుంటే ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకు ఫోన్ చేసి ఈ థెరపిస్టు మీ నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లలో) ఉన్నారా, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలయ్యే ముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు) ఎంత మిగిలింది అని ముందే అడగాలి. డిడక్టిబుల్ నిండకపోతే బిల్లు మొత్తం ఆమె మీదే పడవచ్చు. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే థెరపిస్టులూ ఉంటారు. "స్లైడింగ్ స్కేల్ ఉందా?" అని అడిగితే చాలు, అందులో నామోషీ లేదు.

సబ్జెక్టు మాత్రం తనంతట తాను వదిలేయకూడదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) అనుమతి తీసుకోవాలి. డాక్టరో, లైసెన్సున్న సైకాలజిస్టో లేఖ ఇస్తే ఆరోగ్య కారణాలతో సబ్జెక్టుల భారం తగ్గించుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకే ఈ వెసులుబాటు. అనుమతికి ముందే వదిలేస్తే వీసా స్టేటస్‌కే ముప్పు. కౌన్సెలింగ్‌కు వెళ్లినంత మాత్రాన వీసా పోదని కూడా చెప్పండి, ఆ భయంతోనే చాలామంది ఆగిపోతారు.

ఈ రోజే ఫోన్లో "తిన్నావా" దగ్గర ఆగకుండా, "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. అవునంటే ఫోన్ పెట్టేయకండి. రూమ్మేటును పక్కన ఉండమని, అమ్మాయిచేత ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం అమెరికాలో ఉన్న హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయించండి. అది అక్కడ 24 గంటలూ ఉచితం, మెసేజ్ కూడా పెట్టొచ్చు.

ఇక మీ నిద్ర సంగతి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలనిపిస్తే రుయా ఆస్పత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్లండి.