కోరాపుట్ రూట్లో కాల్చిన మాంసం ఎక్కడ తినాలని అడిగావు కదా అల్లుడూ

అల్లుడూ, నీ మెసేజ్ చూశాను. నవంబర్ ఆఖర్లో ఫ్రెండ్స్‌తో కారేసుకుని అరకు మీదుగా ఒడిశాలో కోరాపుట్, జయపురం తిరిగి రాయగడ వస్తామన్నావు, దారిలో మంచి బార్బెక్యూ హోటళ్ళు ఏవేటో లిస్టు పంపమన్నావు. లిస్టు పంపను. ఎందుకంటే ఈ రూట్లో నిప్పుల మీద బాగా కాల్చేవాళ్ళు బోర్డు పెట్టుకుని ఏళ్ళ తరబడి ఒక్కచోటే ఉండేవాళ్ళు కారు, ఈ ఏడు ఘాట్ మలుపులో షెడ్డు ఉంటాది, వచ్చే ఏడు రోడ్డు వెడల్పు చేస్తున్నారని లేచిపోతాది, ఒక్కోసారి షెడ్డు అక్కడే ఉన్నా వండే మనిషి మారిపోతే రుచి కూడా పోతాది. పేర్లు చెప్పి నిన్ను పంపితే నువ్వెళ్ళేసరికి అక్కడ మొబైల్ రీఛార్జి షాపు ఉండొచ్చు. అదే పట్టుకునే పద్ధతి తెలిసిందనుకో, ఏ ఊరెళ్ళినా నీకు మంచి తిండి దొరుకుతాది. పేపర్ మిల్లుకి వెదురు లోడ్లు చూసుకుంటూ సర్వీసంతా ఈ రోడ్ల మీదే తిరిగాను కాబట్టి నాకు తెలిసినంత రాస్తున్నాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

అసలు కిటుకు ఒకటే. హోటల్ బాగుంటాదా అని హోటల్ వాణ్ణి అడక్కు, ఫోన్లో స్టార్లు చూసి పోవద్దు, సరుకు ఎటు పోతోందో చూడు. కాల్చిన మాంసానికి కావలసింది మంచి కోడి, మంచి కట్టె, బొంగులో చికెన్ అయితే పచ్చి వెదురు బొంగు. ఇవి రోజూ ఎవరింటికి పోతున్నాయో తెలిస్తే ఇంక వెతకక్కర్లేదు.

అందుకని ఊళ్ళో దిగగానే ముందు చికెన్ షాపు దగ్గర ఆగు. సెమిలిగుడ, సునాబెడ, కోరాపుట్, జయపురం, ఎక్కడైనా బజార్లో తెలుగు వచ్చినవాడు ఒకడుంటాడు, లేకపోయినా దేశీ కుకుడా అంటే చాలు నాటుకోడి అని అర్థమైపోతాది. బతికున్న నాటుకోళ్ళు రోజూ ఎవరు పట్టుకెళ్తారని అడుగు. స్కిన్‌లెస్ బ్రాయిలర్ కిలోల లెక్కన కొట్టించుకుని పోయేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళతో మనకి పని లేదు. కాళ్ళు కట్టి బండి హ్యాండిల్‌కి తగిలించుకుని బతికున్న కోళ్ళని పట్టుకెళ్ళేవాడు ఒకడో ఇద్దరో ఉంటారు చూడు, వాడు ఆర్డరొచ్చాకే కోసేరకం, వాడి షెడ్డు ఎక్కడో కనుక్కో. కోళ్ళ షాపతనికి నీతో అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు, ఎవడికి గిరాకీ ఉంది, ఎవడు నిన్నటి సరుకు వాడతాడు, ఎవడు బాకీ పెట్టాడు అన్నీ ఆయనకే తెలుసు. కట్టెల అడితీలో కూడా ఇలాగే అడగొచ్చు, చింత మొద్దులు, తుమ్మ కట్టె ఏరి పట్టుకెళ్ళే హోటల్ వాడున్నాడంటే వాడికి నిప్పు విలువ తెలుసన్నమాట.

లారీలు ఎక్కడ ఆగితే అక్కడ తినమని అందరూ చెప్తారు. పప్పు, రొట్టె, గుడ్డు కూరకి ఆ మాట నిజమే గానీ కాల్చిన మాంసానికి పనికిరాదు, డ్రైవర్ చూసేది పార్కింగు, కాసేపు నడుం వాల్చడానికి మంచం, వేడన్నం, గంటసేపు కోడి కాలేదాకా కూర్చునే టైము ఆయనకెక్కడిది. నేనైతే ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన టీచర్లని, బ్యాంకు వాళ్ళని ఎక్కువ నమ్ముతాను, ఆదివారం పిల్లల్ని తీసుకుని పిక్నిక్‌కి ఎక్కడికెళ్తారు, ఎవరిచేత వండించుకుంటారు అని అడిగితే సంతోషంగా చెప్తారు, ఫోన్ చేసి మరీ చెప్తారు కొంతమంది.

ఇంకోటి, రోజు చూసుకుని రా. ఇది చాలా ముఖ్యం, బయటనుంచి వచ్చేవాళ్ళకి అస్సలు తెలీదు. ఒడియా ఇళ్ళల్లో చాలామంది సోమవారం, గురువారం నీసు ముట్టరు, కొంతమందికి శనివారం కూడా. ఆదివారం, బుధవారం, శుక్రవారం మాంసం బాగా ఆడతాది కాబట్టి సరుకు ఫ్రెష్‌గా ఉంటాది. కార్తీకంలో నెలంతా మానేసేవాళ్ళు ఉంటారు, ఆఖరి ఐదు రోజులు పంచుక అని ఇంకా గట్టిగా పాటిస్తారు, పున్నమి మర్నాడు ఛాడఖాయి అని మాంసం షాపుల ముందు తెల్లారకముందే క్యూలుంటాయి. వాళ్ళ నెల పున్నమితో అయిపోతాది, మనకి అమావాస్య దాకా నడుస్తాది, కాబట్టి పున్నమి తర్వాత పదిహేను రోజులూ పక్కింటి ఒడియా వాళ్ళు కోడి కూర తింటుంటే మీ అత్త ఇంకా కార్తీకం చేస్తూ ఉంటాది. నువ్వు చెప్పిన నవంబర్ ఆఖరు అంటే వాళ్ళకి మార్గశిరం పడిపోతాది, మార్గశిర గురువారాలు ఇంటింటా లక్ష్మీపూజ, ముగ్గులు, ఆ రోజు టౌన్లో మంచి మాంసం దొరుకుతాదని ఆశ పెట్టుకోకు, ఆరోజు గుళ్ళు, జలపాతాలు చూసుకోండి.

సంత రోజులు కూడా గుర్తు పెట్టుకో. సెమిలిగుడ దగ్గర కుండులిలో శుక్రవారం పెద్ద సంత, బిస్సంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం, మాచ్‌ఖండ్ వైపు ఒనుకుడెల్లిలో గురువారం. సంతకి చుట్టుపక్కల కొండ ఊళ్ళనుంచి నాటుకోళ్ళు దిగుతాయి, ఆ సాయంత్రం, మర్నాడు దగ్గర్లోని షెడ్డుల్లో మంచి కోడి దొరికే చాన్సు ఎక్కువ. సంతలో తిరగండి, ఏదైనా కొనండి, కానీ అక్కడికొచ్చే బొండా, డోంగ్రియా గిరిజనుల్ని ఫోన్లు పెట్టి ఫోటోలు తీయొద్దని నీ ఫ్రెండ్స్‌కి గట్టిగా చెప్పు, వాళ్ళు సరుకు అమ్ముకోడానికి వచ్చారు, మనకి బొమ్మలుగా నిలబడ్డానికి కాదు.

ఇప్పుడు బొంగు చికెన్ సంగతి. ఇక్కడ బౌంశ పోడా అని అడగాలి. అనంతగిరి ఘాట్, అరకు చుట్టూ, అటు మారేడుమిల్లి వైపు కూడా రోడ్డు పక్కన బొంగులు వరసగా నిలబెట్టి ఉంటాయి, బాగా చేసేవాళ్ళూ ఉన్నారు, టూరిస్టుల రద్దీకి తట్టుకోలేక ముందే కూర వండేసి బొంగులో పోసి వేడిచేసి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. తేడా పట్టడం కష్టం కాదు. ముందు బొంగు చూడు, పచ్చిదై ఉండాలి, గోడలో ఉన్న తడే ఆవిరై మాంసాన్ని ఉడికిస్తాది, అందుకే నూనె, నీళ్ళు వెయ్యక్కర్లేదు. ఎండు బొంగైతే పగులుతాది, లేకపోతే అంటుకుంటాది. వెదురు అంతా కూడా దీనికి పనికిరాదు, మా మిల్లుకి ఎక్కువగా వచ్చేది సలియా అని సన్నగా, గట్టిగా, లోపల బోలు తక్కువగా ఉండే రకం, కర్రలకీ కాయితానికీ బంగారం అది, కానీ అందులో కోడి పట్టదు. కణుపుల మధ్య బాగా బోలుగా ఉన్న లావు వెదురు కావాలి, కింద కణుపు ఉంచి పైన కోసేస్తే అదే గిన్నె.

నీ కళ్ళముందే నింపమను, అడిగితే తప్పేం లేదు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి పట్టించిన ముక్కల్ని మూతి దాకా కుక్కకుండా కొంచెం జాగా వదిలి, ఆకులు మడిచి గట్టిగా బిరడా పెడతారు. మంట మీద కాదు, మంట తగ్గి నిప్పుల మీద సన్నగా బూడిద పట్టాక ఏటవాలుగా పెట్టి తిప్పుతూ ఉంటారు. ఆకుపచ్చ ముందు పసుపవుతాది, తర్వాత గోధుమరంగు, తర్వాత నల్లగా మాడుతాది, బిరడా పక్కనుంచి బుస్సుమని ఆవిరి వస్తాది, నురగ పొంగి నాలుగు చుక్కల రసం నిప్పుల మీద పడి చుర్రుమంటాది. తొందరపడేవాడు అక్కడే తీసేస్తాడు, తెలిసినవాడు ఇంకాసేపు ఉంచుతాడు. బ్రాయిలర్ అయితే ముప్పావుగంట లోపు అయిపోతాది, నాటుకోడి గంట, ముదురుదైతే ఆ పైన కూడా పడతాది. పది నిమిషాల్లో ఇచ్చేస్తానన్నాడంటే అది ముందే వండేసిందే, దండం పెట్టి కారెక్కేయండి.

చీల్చాక కూడా చూడాల్సింది ఉంది. కొత్త బొంగు లోపల ఉల్లిపొరలాగ తెల్లటి పల్చటి పొర ఉంటాది, ముక్కలకి అంటుకుని అక్కడక్కడ ఊడి వస్తాది, తీసి పక్కన పెట్టి తింటాం. ఒకసారి వాడేసిన బొంగులో ఆ పొర ఉండదు, గోడ జిడ్డుగా నల్లబడి ఉంటాది. వేగిన కరివేపాకు, ఆవాలు, పైన ఎర్రటి నూనె తేలుతోందంటే మూకుట్లో వండి పోశారన్నమాట, అసలుదాన్లో అడుగున కాస్త రసం, దాని మీద కోడి కొవ్వు మాత్రమే ఉంటాది. ఎముక పక్కన మాంసం పచ్చిగా కనిపిస్తే మొహమాటపడకుండా మళ్ళీ నిప్పుల మీద పెట్టమను.

టౌన్లలో తందూరీ, సీకులు దొరుకుతాయి, పర్లేదు, కానీ దానికోసం బెంగుళూరు నుంచి ఇంతదూరం రావక్కర్లేదు. తినాలనిపిస్తే రంగు చూసుకోండి, వేళ్ళకి ఎర్రగా అంటుకునే రంగున్నది ముట్టొద్దు. 2024 జూన్లో మీ కర్ణాటకలోనే కబాబుల్లో ఆర్టిఫిషియల్ రంగు కలపకూడదని ఆర్డర్ ఇచ్చారు కదా, నీకు తెలిసే ఉంటాది. కారం, పసుపు పట్టి నిప్పు మీద కాలిన మాంసం ఎక్కడా అంత ఎర్రగా ఉండదు, గోధుమరంగులో అంచులు నల్లగా ఉంటాది. బొగ్గులు రాజెయ్యడానికి కిరసనాయిలు పోసేవాడి దగ్గర ఆ కంపు మొదటి ముక్కలోనే తెలిసిపోతాది.

నా మట్టుకు నాకు కోడి కంటే ఇష్టమైంది ఇక్కడి ఆకులో కాల్చిన చేప, పత్ర పోడా అంటారు. చేపలకి ఆవపిండి ముద్ద, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు పట్టించి ఆకుల్లో రెండు మూడు పొరలు చుట్టి నారతో కట్టి నిప్పుల్లో పెడతారు, పై ఆకు మాడి బొగ్గయిపోయినా లోపలి ఆకు ఇంకా పచ్చగానే ఉంటాది, విప్పగానే ఆవ ఘాటు ముక్కుకి కొడతాది. కొలాబ్ డ్యామ్ చేప దొరికిన రోజయితే ఇంక చెప్పక్కర్లేదు. ఇది హోటల్ మెనూలో పెద్దగా కనిపించదు, మధ్యాన్నం భోజనం పెట్టే చిన్న హోటళ్ళలో పొద్దున్నే చెప్తే చేసిపెడతారు. పక్కన కాలాజీరా బియ్యం అన్నం అడుగు, కోరాపుట్ కాలాజీరాకి 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది, నల్లటి పొట్టు, మంచి వాసన. అందరూ వండరు గానీ అడిగి చూడు.

రేటు ముందే మాట్లాడుకో. బొంగు లెక్కనా కిలో లెక్కనా, కిలో అయితే బతికున్న కోడి తూకమా కోసిన మాంసం తూకమా అని స్పష్టంగా అడుగు, రెండు కిలోల కోడి కోసి బాగుచేస్తే కిలోన్నర కూడా రాదు, గొడవలన్నీ అక్కడే వస్తాయి. మాట్లాడుకున్నాక మళ్ళీ బేరం ఆడకండి, గంటసేపు నిప్పు దగ్గర కూర్చుని చేసే పని అది. ఇంక జీలుగు కల్లు ఎవరైనా ఇస్తామంటే డ్రైవింగ్ చేసేవాడు ముట్టకూడదు, దీన్లో నాకు వేరే మాట లేదు.

టైమింగ్ ఎలాగంటే, పొద్దున్న వెళ్ళేటప్పుడే షెడ్డు దగ్గర ఆగి కోడి చూసి, నలుగురికా ఐదుగురికా చెప్పి, ఎన్నింటికి వస్తారో ఖాయం చేసి ఫోన్ నంబర్ తీసుకోండి, దేవమాలి కొండ ఎక్కి దిగేసరికి మీకోసం బొంగు కాలుతూ ఉంటాది. మధ్యాన్నమే తినండి, రాత్రికి పెట్టుకోకండి. ఆ నెలల్లో పొట్టంగి, సుంకి వైపు చీకటి పడ్డాక మంచు దిగిపోతాది, సాలూరు ఘాట్ మలుపుల్లో ఎదుటి బండి కనపడదు, కడుపునిండా తిన్నాక నిద్ర కూడా వస్తాది.

రాయగడ ఆదివారం రాకండి, మజ్జిగౌరమ్మ గుడికి మన శ్రీకాకుళం, విజయనగరం జనం దిగిపోతారు, ఆ రద్దీలో ఎవరూ సరిగ్గా కాల్చరు. శుక్రవారం మధ్యాన్నానికి వచ్చేలా చూసుకో. మీరు ఎంతమందో, అందులో కారం తక్కువ తినేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో రెండురోజుల ముందు చెప్పు, పచ్చి బొంగులు నేనే తెప్పించి ఉంచుతాను, కోడి సంగతి మీ అత్త చూసుకుంటానంది.

మీ మావయ్య
రాయగడ